జడ్జిగారు ఎవరినీ కలవరు

రిటైరైనా జడ్జిగారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చునే అలవాటు మానుకోలేదు. రావాల్సినవాళ్ళు ఎవరూ లేరు. వెళ్ళాల్సిన చోటూ లేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, మడతపెట్టి, మళ్ళీ విప్పేవారు. గోడ గడియారంవైపు కంటే ఆయన మెడ ఎక్కువసార్లు వీధివైపే తిరిగేది.

ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కాకి ఒక కారణం ఉంది. ఒకప్పుడు ఆయన పనిచేసిన పార్టీ అధ్యక్షుడు ఫోను చేశాడు. "రేపు పొద్దున్న మిమ్మల్ని కలవాలి సార్. మీతోనే అయ్యే పని," అన్నాడు. ఆ మాట జడ్జిగారి చెవిలో రాత్రంతా తియ్యగా తిరిగింది.

"ఏమండీ, టీ బల్లమీద పెట్టాను. వెళ్ళొస్తా," అంది భార్య, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ.

"ఇవాళ కూడానా?"

"ఇవాళ ఏముంది?"

"చెప్పాను కదా, పార్టీవాళ్ళు వస్తున్నారని."

"వంటావిడ ఉంది, టీ పెట్టిస్తుంది. బిస్కెట్లు పై అరలో ఉన్నాయి."

"టీ సంగతి కాదు. నువ్వుంటే బావుంటుంది. పాతవాళ్ళందరూ నీకే కదా బాగా తెలుసు?"

ఆవిడ చెప్పు పట్టీ బిగించుకుంది. "తెలిసేది," అంది. లేచి చేతిసంచీ భుజాన వేసుకుంది.

"అసలు రోజూ ఎక్కడికి వెళ్తున్నావు?"

"పనుంది."

ఆవిడ గేటు తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ రాదు. ఇంతకాలం ఆ వేళప్పుడు ఆయన కోర్టులో ఉండేవారు కాబట్టి ఇంట్లో ఏం జరిగేదో తెలీదు. ఇప్పుడు తెలుస్తోంది, ఏమీ జరగదని. ఒకసారి వంటావిడని అడిగితే, "అమ్మగారినే అడగండి సార్," అని గిన్నెలు తోమడంలో పడిపోయింది. కోర్టులో అలాంటి సాక్షుల్ని ఆయన ఎందర్నో చూశారు.

ఆయన మొదట వకీలు. తర్వాత శాసనసభ్యుడు, రెండుసార్లు గెలిచారు. కొన్నాళ్ళు న్యాయశాఖ మంత్రి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో చెప్పుల కుప్ప దాటకుండా ఎవరూ లోపలికి వెళ్ళలేకపోయేవారు. ముందుగదిలో ఆయన దర్బారు, వంటింట్లో ఆవిడ దర్బారు. ఆయన దగ్గర మాట పెగలనివాళ్ళు పెరటిదారిన వచ్చి ఆవిడకి చెప్పుకునేవాళ్ళు. ఎవరింట్లో చూలింత ఉంది, ఎవరి మొగుడు అలిగి వెళ్ళిపోయాడు, ఎవరికి టీలో చక్కెర పనికిరాదు, అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. ఆయన గెలుపులో సగం ఆ వంటింట్లోనే తయారయ్యేదని పార్టీలో అందరూ అనేవారు.

మిగతా సగం ఆవిడ తమ్ముడిది. ప్రచారం జీపులో నిలబడి పగలల్లా మాట్లాడినా గొంతు బొంగురుపోయేది కాదు అతనికి. అందుకే ఊరంతా అతన్ని 'మైకు' అనే పిలిచేవారు. ఇంట్లోనూ అదే పేరు. జడ్జిగారి కూతురు మాటలు నేర్చుకుంటున్నప్పుడు 'మావయ్య' కంటే ముందు 'మైకు' అంది.

మూడోసారి ఆయన ఓడిపోయారు. ప్రభుత్వం మాత్రం తమవాళ్ళదే వచ్చింది. మరుసటి ఏడు ఆయన్ని పెద్ద కోర్టుకి జడ్జిగా వేశారు. పేపర్లు ఊరుకోలేదు. నల్లకోటు కింద పార్టీ జెండా తోక బయటికి కనబడుతున్నట్టు బొమ్మ వేసిందొకటి. ఆయన ఆ బొమ్మ చూసి అందరి ముందూ నవ్వారు. ఆ సాయంత్రమే గేటుకి కాపలా పెట్టించారు.

ఆ తర్వాత మంచి జడ్జి అనే పేరు తెచ్చుకున్నారు. తమ పార్టీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పులు రాశారు. పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, విందులకి వెళ్ళలేదు, ఎవరి గడపా తొక్కలేదు, ఎవరినీ తన గడప తొక్కనివ్వలేదు. చివరికి ఆ బొమ్మ వేసిన పేపరే ఆయన్ని 'నిప్పు' అని రాసింది.

పార్టీ అధ్యక్షుడు చెప్పిన వేళకంటే చాలా ఆలస్యంగా వచ్చాడు. వెంట ఇద్దరు కుర్రాళ్ళు, చేతిలో పూలగుత్తి. కాసేపు ఆరోగ్యం గురించి, రోడ్ల గురించి మాట్లాడుకున్నారు. జడ్జిగారు అడగలేక అడిగారు. "నాతోనే అయ్యే పని అన్నావు?"

"అవును సార్. పార్టీ పుట్టి యాభై ఏళ్ళవుతోంది కదా, పాత కార్యకర్తలందరికీ సన్మానం పెట్టుకున్నాం. ఎవర్ని పిలవాలి అని అడిగితే జిల్లాలన్నీ ఒకటే పేరు చెప్పాయి. మైకుగారు."

జడ్జిగారు కప్పు బల్లమీద పెట్టేశారు.

"ఆయన పాత ఇంటికి వెళ్ళాం. ఖాళీ చేసి చాలాకాలమైందట. మీ బావమరిదే కదా, అడ్రసు మీ దగ్గర దొరుకుతుందని..."

"ఆ... అంటే, ఈమధ్య మారాడు. కనుక్కుని చెప్తాను."

"ఒంట్లో బాగాలేదని విన్నాం సార్. పక్షవాతమట కదా? పాపం, అమ్మగారే రోజూ వెళ్ళి చూసుకుంటున్నారని ఎవరో చెప్పారు. గొప్ప మనసు సార్ అమ్మగారిది."

జడ్జిగారు తల ఊపారు. తనకి తెలిసిన విషయాన్నే ఎవరో చెప్తున్నట్టు, బరువుగా, నిదానంగా ఊపారు. వాళ్ళు లేచారు. పూలగుత్తి బల్లమీద పెట్టి, "మీరు కూడా వీలుంటే రండి సార్," అన్నాడు అధ్యక్షుడు, గుమ్మం దాటుతూ గుర్తొచ్చినట్టు.

కారు వెళ్ళిపోయాక ఆయన కూతురికి ఫోను చేశారు. ఆ అమ్మాయి అదే ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెప్తుంది.

"మీ మావయ్య ఎక్కడుంటున్నాడు?"

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి? అడిగినదానికి చెప్పు. వాడికి పక్షవాతమా?"

"ఇప్పుడు కొంచెం నయం. కుడిచెయ్యి ఇంకా రాలేదు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ. ఆస్పత్రిలో చేర్పించింది నేనూ మా ఆయనా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ చెప్పద్దంది నాన్నా," అంది. మళ్ళీ ఆలోచించి, "అమ్మ అనకపోయినా చెప్పేదాన్ని కాదేమో," అంది.

భార్య తిరిగొచ్చేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు కంచం లేదు. ఆవిడ ఆయన మొహం చూసింది. సంచీ కుర్చీకి తగిలించి, మంచినీళ్ళు తాగి, ఎదురుగా కూర్చుంది.

"తెలిసిందన్నమాట."

"ఊళ్ళో అందరికీ తెలిశాక తెలిసింది. వంటావిడకి తెలుసు, అల్లుడికి తెలుసు, పార్టీలో ఎవరికో తెలుసు. నా ఇంట్లో విషయం పరాయివాడు చెప్తే వినాల్సొచ్చింది. ఎంత చిన్నతనం!"

"మీకు చిన్నతనం. అంతేనా?"

"నాకు చెప్పచ్చు కదా! నేను వద్దంటానా? అంత రాక్షసుణ్ణా?"

"వద్దంటారని కాదండీ," అంది ఆవిడ. "ఆలోచించి చెప్తానంటారని. నా తమ్ముడు మంచంలో పడి ఉంటే, నేను వాణ్ణి చూడచ్చా లేదా అని మీరు తీర్పు వాయిదా వేస్తుంటే, ఆ గుమ్మంలో నిలబడి ఎదురుచూసే ఓపిక నాకు లేదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "వాడి కేసు నా కోర్టుకి వచ్చింది. నేను చూడనని వేరే జడ్జికి పంపాను. అందులో తప్పేముంది?"

"తప్పని నేనెప్పుడైనా అన్నానా? వాడు ప్రింటింగు ప్రెస్సు నడిపే షెడ్డు వాడిది కాదు, అద్దెది. ఖాళీ చెయ్యమన్నారు. ఓడిపోయాడు. వాడు మీమీద ఒక్కమాట అనలేదు. ఆ సాయంత్రం మన గేటు దగ్గరికొచ్చాడు. గుర్తుందా మీకు?"

"వచ్చినట్టు... కాపలావాడు చెప్పాడు."

"నేను మేడమీద కిటికీలో ఉన్నాను. 'జడ్జిగారు ఎవరినీ కలవరు' అన్నాడు కాపలావాడు. 'జడ్జిగారి కోసం కాదయ్యా, మా అక్క చేతి అన్నం తిని పోదామని వచ్చాను' అన్నాడు వీడు. వాడి గొంతు మీకు తెలుసుగా, గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది. అప్పుడు కాపలావాడేమన్నాడో తెలుసా? 'అమ్మగారు కూడా ఎవరినీ కలవరండి' అన్నాడు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మీరు కలవరు, సరే. మీది పదవి. నేను కలవనని ఎవరు చెప్పారండీ? నన్నొక్కమాట అడిగారా?"

జడ్జిగారికి గుర్తొచ్చింది. కోర్టుకి బయల్దేరుతూ కారు అద్దం దించి కాపలావాడితో అన్నమాటే అది. 'ఇంట్లో ఎవరూ ఎవరినీ కలవరని చెప్పు.' సంతకం పెట్టినంత తేలిగ్గా అన్నారు. అద్దం ఎత్తేశారు.

"నువ్వు కిందికి దిగి రావచ్చు కదా," అన్నారు, గొంతు తగ్గించి.

"రావచ్చు. రాలేదు. అది నా తప్పే. మీ పేరు పాడవుతుందని భయపడ్డాను. పేపర్లో పడుతుందని భయపడ్డాను. ఆ భయంతోనే ఉండిపోయాను. ఇంటికొచ్చే ఆడవాళ్ళు మానేశారు. పెరటి తలుపుకి తుప్పు పట్టింది. నేను రోజంతా ఎవరితో మాట్లాడేదాన్నో ఎప్పుడైనా అడిగారా? వంటావిడతో. ఆవిడ వెళ్ళిపోయాక రేడియోతో. మీరు ఇంటికొచ్చేవారు, అన్నం తినేవారు, కేసుల కట్టలు ముందేసుకుని కూర్చునేవారు. నేను ఎదురుగుండా కూర్చునే ఉండేదాన్ని. మీకు దేశమంతా మంచి జడ్జి అని పేరొచ్చింది. నేనూ సంతోషించాను. కానీ శిక్ష పడినట్టు బతికింది నేను."

ఆవిడ ఏడవలేదు. అది ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. లేచి వెళ్ళి కంచాలు తెచ్చి వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. ఉప్పు తక్కువైనట్టుంది, ఇద్దరూ ఆ మాట అనలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే ఆయన కూడా చెప్పులు వేసుకున్నారు. "నేనూ వస్తాను."

"వాణ్ణి అడిగి చెప్తాను," అంది ఆవిడ.

మధ్యాహ్నం వచ్చి, సంచీ దించకుండానే చెప్పింది. "రావద్దన్నాడు."

"ఏమన్నాడు?"

"ఎందుకులెండి."

"చెప్పు, పర్లేదు."

"'ఇప్పుడు ఆయన్ని చూడ్డానికి ఎవరూ రావట్లేదని నేను గుర్తొచ్చానా' అన్నాడు."

జడ్జిగారికి కోపం రాబోయింది. వచ్చినంత దూరం వచ్చి ఆగిపోయింది. అందులో అబద్ధం ఎక్కడుందా అని వెతికారు. దొరకలేదు.

ఆ తర్వాత రోజు ఆయన అన్నారు, "లోపలికి రాను. నీతో వీధిదాకా నడుస్తాను. అంతవరకూ అభ్యంతరం లేదు కదా?"

ఆవిడ వింతగా చూసింది. "ఎండగా ఉంటుంది," అంది. వద్దనలేదు.

బస్సు స్టాండు వెనక సందులు దాటి, కూరల బజారు మీదుగా వెళ్ళాలి. ఆవిడ చకచకా నడుస్తోంది. దారిలో కూరలమ్మే ఆమె పలకరించింది, చెప్పులు కుట్టే అతను పలకరించాడు, బడికెళ్తున్న పిల్లలు 'అమ్మమ్మా' అన్నారు. జడ్జిగారిని ఎవరూ గుర్తుపట్టలేదు. భార్య పక్కన నడుస్తున్న పెద్దాయన, అంతే.

ఒక దర్జీ కొట్టుమీద రెండు గదుల మేడ. అక్కడే మైకు ఉంటున్నది. ఆవిడ మెట్లెక్కి వెళ్ళింది. ఆయన కొట్టు ఎదురుగా సిమెంటు అరుగుమీద కూర్చున్నారు. కాసేపటికి పైనుంచి గొంతు వినబడింది. మాట కొంచెం ముద్దగా ఉంది గానీ గొంతు అదే. పాలు చల్లారిపోయాయని అక్కని విసుక్కుంటోంది. ఆయన ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో! ఒళ్ళో చేతులు పెట్టుకుని, తలవంచుకుని విన్నారు.

అలా రోజూ వెళ్ళసాగారు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. మొదట్లో ఎండ గురించీ, కూరల ధర గురించీ. తర్వాత ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. మైకు భార్య పోయిన రోజు ఆవిడ కోర్టు కారులో వెళ్ళి, బయట డ్రైవరు ఉన్నాడని తొందరపడి లేచి వచ్చేసిందట. "మీరు రాలేదు. మీ ఆఫీసువాళ్ళు సంతాపం టైపు చేసి పంపారు. అందులో దాని పేరు తప్పు పడింది." ఆయన నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "నడవండి, వాడి మందుల వేళవుతోంది," అంది.

ఒకరోజు ఎండ మరీ తీక్షణంగా ఉంది. ఆయన అరుగుమీద రుమాలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. పైన కిటికీ రెక్క తెరుచుకుంది.

"అక్కా! ఆ పెద్దమనిషిని పైకి రమ్మను. వడదెబ్బ తగిలి పడ్డాడంటే రేపు పేపర్లో నా పేరు పడుతుంది."

వీధంతా తలెత్తి చూసింది. జడ్జిగారు లేచి మెట్లెక్కారు. సగం మెట్ల దగ్గర మోకాలు పట్టేసి ఆగారు. పైనుంచి ఎవరూ దిగి రాలేదు. నిదానించుకుని ఎక్కారు.

కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు మైకు. కుడిచెయ్యి దిండుమీద పెట్టి ఉంది, ఎవరో అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు. చెంపలనిండా తెల్లటి మాసిన గడ్డం. నవ్వు ఒకవైపే వస్తోంది.

"రండి జడ్జిగారూ, కూర్చోండి. మీకు తగ్గ కుర్చీ లేదు, ఏమీ అనుకోకండి."

"మైకూ..."

"ఆ పేరు ఎప్పుడో పోయింది సార్. ఇప్పుడు పైవాటాలో ముసలాయన అంటున్నారు."

ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడింది.

జడ్జిగారు స్టూలు మీద కూర్చున్నారు. చెప్పాలనుకున్నది ఇన్నాళ్ళూ దారి పొడవునా వరస పెట్టుకున్నారు. ఆ వరస పక్కన పెట్టేశారు. "నీ కేసు నేను చూడకపోవడం తప్పు కాదు," అన్నారు చివరికి.

"నేనన్నానా?"

"కేసు అయిపోయింది. ఆ తర్వాత కూడా నిన్ను రానివ్వలేదు. దానికి చట్టం లేదు. నేను..." ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "నువ్వు కనిపిస్తే నేనెక్కణ్ణుంచి వచ్చానో అందరికీ గుర్తొచ్చేది. ఆ జీపు, ఆ జెండాలు, నీ అరుపులు. నేనేదో నా అంతట నేనే జడ్జినయినట్టు కనబడాలని... నీకు భయపడ్డాను రా. నిన్ను చూస్తే సిగ్గుపడ్డాను. అదీ నిజం."

మైకు ఎడమచేత్తో కుడిచేతిని దిండుమీద సర్దుకున్నాడు. "నాకు తెలుసు బావా," అన్నాడు. 'సార్' ఎప్పుడు జారిపోయిందో అతనికీ తెలీదు. "ఆ గేటు దగ్గరే తెలిసింది. వెధవని కాదుగా! నువ్వు నిప్పులా ఉన్నావని పేపర్లో పడితే కొట్టుకొట్టుకీ తిరిగి చూపించాను. మా బావ అని చెప్పలేదు, నీకు ఇబ్బందని. మా అప్పటి ఎమ్మెల్యే అని చెప్పాను." మళ్ళీ, "నాకు ప్రెస్సు పోయినందుకు బాధ లేదు. అది పోయిన రోజు అక్క చేతి ముద్ద దొరకలేదు చూడు, ఆ బాధ మాత్రం పోలేదు. మర్చిపోయానని అనుకోకు," అన్నాడు.

"అనుకోను."

కింద కుట్టుమిషను టకటకమంటోంది. జడ్జిగారు బావమరిది మొహంలోకి చూసి, "గడ్డం ఎవరు గీస్తారు నీకు?" అని అడిగారు.

"మంగలి రావాలి. ఈ వారం రాలేదు. అక్క గీస్తానంటుంది, నేనే వద్దన్నాను. చిన్నప్పుడు నా జుట్టు కత్తిరించి ఏం చేసిందో ఇంకా గుర్తుంది."

జడ్జిగారు లేచి చొక్కా చేతులు మడిచారు. ఆవిడ చెంబుతో నీళ్ళు, సబ్బు, రేజరు తెచ్చి స్టూలు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన నురగ రాశారు. పక్షవాతం వచ్చిన చెంప పట్టు దొరక్కుండా జారుతోంది. రెండో చేతి వేలితో దాన్ని పైకి లాగిపట్టి, ఊపిరి బిగబట్టి గీశారు. గడ్డం కింద చిన్నగా తెగింది.

"అబ్బా! ఆ చేత్తోనేనా తీర్పులు రాసింది?"

"కదలకు మరి. నోరు మూసుకో కాసేపు."

"నేను నోరు మూసుకుంటే నువ్వు గెలిచేవాడివా? మూడోసారి ఎందుకు ఓడిపోయావో తెలుసా? మిల్లు పేటకి నేను వెళ్దామంటే నువ్వు వద్దన్నావు."

"మిల్లు పేటలో నాకు ఓట్లు ఎప్పుడూ తగ్గలేదు!"

"తగ్గాయి!"

"నీకేం తెలుసురా? లెక్కింపులో కూర్చున్నది నేను!"

"జనంలో తిరిగింది నేను!"

ఆవిడ వంటగదిలో పాలగిన్నె పొయ్యిమీద పెట్టి, మంట వెలిగించడం మర్చిపోయి అలాగే నిలబడింది. ఇద్దరి గొంతులూ గోడలకి కొట్టుకుంటున్నాయి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తికానివ్వడం లేదు. ఆవిడ మెల్లిగా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది.

కింద మిషను ఆగింది. కొట్టులోంచి దర్జీ భార్య కంగారుగా మెట్ల మొదటికి వచ్చింది. "ఏంటమ్మా, పైన అంత కేకలేస్తున్నారు? గొడవైందా?"

ఆవిడ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా రాని ఏడుపు ఆగకుండా వచ్చేస్తోంది.

"గొడవ కాదమ్మా," అంది ఎలాగో గొంతు కూడదీసుకుని. "మావాళ్ళు మాట్లాడుకుంటున్నారు."